ఎడమ పక్క కిటికీ

మొన్న పొద్దున్న కంపెనీ నుంచి కొత్త షేడ్ కార్డుల కట్ట వచ్చింది. మాది రంగుల కొట్టు. షేడ్ కార్డు మడతలు విప్పితే చేతి పొడుగున రంగు ముక్కలు, ఒక్కో ముక్క కింద ఒక్కో నంబరు. ఇల్లు కట్టుకున్నవాళ్లు ఒక ముక్క మీద వేలు పెట్టి "ఇదీ" అంటారు, మేం ఆ నంబరు రంగు కలిపి ఇస్తాం. కట్ట విప్పగానే నా చెయ్యి ఒక కార్డు తీసి గల్లాపెట్టె కింద సొరుగులో దాచేసింది. దాచాక గుర్తొచ్చింది, ఆ కార్డు అడిగే మనిషి చనిపోయి రెండు నెలలైందని.

బాధ కలగాలి. కలిగింది కూడా, కాదనను. కానీ దానికన్నా ముందు, తలుపు తట్టకుండా వచ్చే చుట్టంలా, పాత అసూయ వచ్చి కూర్చుంది. పోయిన మనిషి మీద కూడా కుళ్లుకునేవాణ్ణి మా చోడవరంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆయన పెయింటరు. ఊళ్లో అందరూ మేస్త్రి అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. సన్నటి మనిషి. చేతుల మీద ఏ ఇంటి రంగు ఆ వారం నడుస్తుంటే ఆ రంగు చుక్కలు. ఆదివారం మాత్రం తెల్ల చొక్కా తొడుక్కుని చర్చికి వెళ్లేవాడు. ఆరోజు ఆయన్ని గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టేది. మిగతా ఆరు రోజులూ పనికి వెళ్లే ముందు మా కొట్టు దగ్గర ఆగేవాడు. సరుకు కోసం కాదు. మా కొట్టు ముందు నిలబడితే చీడికాడ వైపు కొండలు కనిపిస్తాయి, అందుకు. నాన్న కాలం నుంచి ఆ కొట్లో కూర్చుంటున్నాను. ఎదురుగా కొండలున్నాయని ఆయన చెబితే తెలిసింది. నేనెప్పుడూ ఎదురుగా చూసింది వచ్చే గిరాకీనే.

షేడ్ కార్డు చేతికందినంత దూరం చాపి, ఒక కన్ను మూసి, కొండకి ఆనించినట్టు పట్టుకునేవాడు. బొటనవేలితో ముక్క మీద నుంచి ముక్క మీదకి జరుపుకుంటూ వెళ్లి ఒక చోట ఆగేవాడు.

"ఈయేళ కొండ అరవై రెండు బాబూ. నిన్న అరవై నాలుగు. అటు దేవరాపల్లి పక్క ఒర్సం పడుంటాది."

పడేది. మధ్యాహ్నం బస్సులో దిగినవాళ్లు చెప్పేవారు, అటు పెద్ద వాన అని. దాంతో జనం అలవాటు పడ్డారు. పాల కోసం వచ్చినవాళ్లు, ఆటోల కోసం నిలబడ్డవాళ్లు, "మేస్త్రీ, ఈయేళ కొండెంత?" అని అడిగేవారు, బంగారం ధర అడిగినట్టు. నా కొట్టు ముందు, నా కార్డు పట్టుకుని ఆయన చెప్పేవాడు. లోపల తక్కెడలూ డబ్బాలూ బ్రష్షులూ పెట్టుకుని కూర్చున్న నన్ను ఒక్కడూ ఏమీ అడిగేవాడు కాదు.

చెరకు పూత పూసే రోజుల్లో మరీ కష్టం. పొలాల మీద ఆ పూత గాలికి ఒరిగినప్పుడు ఉండే రంగు కార్డులో ఎక్కడా లేదని ఆయన వాదన.

"తెలుపు కాదు, ఎండి కాదు, బూడిద అసలే కాదు. దీనికి నంబరు లేదు బాబూ. కంపెనీవోళ్లకి రాయి."

"ఏటని రాయను?"

"చోడవరం చెరుకు పూత రంగు మీ కాడ లేదు, బేగి తయారు సెయ్యండని."

నిజంగానే రాయించాడు. కంపెనీ నుంచి జవాబు రాలేదు. ఆ సంగతి మర్చిపోతాడేమోనని చూశాను. నెలకోసారి "ఏటన్నారు బాబూ వోళ్లు?" అని అడగడం మానలేదు.

ఆయనకి ఒక పట్టుదల ఉండేది: చూడనిది గోడ మీద వెయ్యడు. మా వైపు కొత్త ఇల్లు కట్టినవాళ్లకి హాల్లో ఒక గోడ నిండా సీనరీ ఉండాలి. మంచు కొండ, దాని కింద కొబ్బరి చెట్టు, పక్కన హంస. మిగతా పెయింటర్లు రెండు రోజుల్లో వేసేసి డబ్బులు పట్టుకుపోయేవారు. ఈయన మాత్రం "మంచు కొండ నాను సూడలేదండి. మీకు రైవాడ డేము ఏస్తాను, ఒప్పుకుంటారా?" అనేవాడు. సగం మంది ఒప్పుకునేవారు కాదు, పని పోయేది. వాళ్ల చర్చిలో బాప్తిస్మం తొట్టి వెనక గోడ మీద యొర్దాను నది వెయ్యమన్నారు. వేశాడు. ఒడ్డున చెరకు తోట, వెనకాల మన కొండలు, నీళ్ల మీద మన కొంగ. పాస్టరుగారు చాలాసేపు చూసి "ఇది రైవాడ కదయ్యా?" అన్నారట. "నాను సూసిన నీళ్లు ఇయ్యేనండి. దేవుడికి తెలుసులెండి," అన్నాడట. ఆ గోడ ఇంకా ఉంది. ఆ తొట్టిలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లందరూ మన డేములోనే మునిగారు.

నా సంగతికొస్తే, నేను పుట్టింది తూకాల మధ్య. నాన్న నేర్పింది ఒకటే విద్య, బేరం. కొనేటప్పుడు వాడు చెప్పిన ధర విని మొహం ముడుచుకోవాలి, సరుకు కింద పెట్టాలి, మెట్టు దిగాలి. నాలుగడుగులు వేసేలోపు వాడే పిలుస్తాడు. మెట్టు దిగడం అంటాం దాన్ని. మెట్టు దిగడంలో నన్ను మించినవాడు ఈ బజార్లో లేడు. ఆ పేరు నాకు చాలనుకునేవాణ్ణి, ఈయన పక్కన లేనప్పుడు.

రంగుల కంపెనీలకి ఒక అలవాటు ఉంది. ఏడాదిలో ఇన్ని డబ్బాలు అమ్మినవాళ్లని విమానం ఎక్కించి ఏదో ఒక చోటు తిప్పి తెస్తారు. డీలర్ల టూరు. అలా ఒకసారి నేను కాశ్మీరు వెళ్లొచ్చాను. తిరిగొచ్చిన మర్నాడు కొట్టు ముందు బెంచీ మీద జనాన్ని కూర్చోబెట్టి నా ఖర్చుతో టీలు తెప్పించాను. నేను టీలు తెప్పించానంటే ఎంత చెప్పాలని ఉందో ఊహించుకోండి. రోజూ ఆ బెంచీ మీద ఉండే రిటైరైన బస్సు కండక్టరు అడిగాడు.

"ఎలగుందేటి కాశ్మీరు?"

"ఈ శాలువా చూడు. వాడు చెప్పిన దానికి మూడో వంతుకి కొట్టాను. ఎలాగంటే..."

ఎలాగో చెప్పాను. పడవవాడిని ఎలా తగ్గించానో, కుంకుమపువ్వు దగ్గర ఎలా మెట్టు దిగానో చెప్పాను. పావుగంటలో కాశ్మీరు అయిపోయింది. జనం టీ గ్లాసుల అడుగులు చూసుకుంటున్నారు. అప్పుడు డబ్బాలు సైకిలుకి కట్టుకుంటున్న మేస్త్రి తల తిప్పకుండానే అడిగాడు.

"మంచు మీద నీడ పడితే ఏ రంగు బాబూ?"

"నీడ నీడ రంగే."

"కాదేమో. మన రైవాడ కాడ పొద్దున్న మంచు పట్టినప్పుడు దాని మీద సెట్టు నీడ పడితే నల్లగుండదు. నీలంగుంటాది. ఎండొచ్చే కొద్దీ నీలం ఎల్లిపోయి..." అని మొదలుపెట్టి, తాడు ముడి వేస్తూనే అరగంట చెప్పాడు. కండక్టరు బెంచీ అటు తిప్పుకున్నాడు. లోపల్నుంచి మా ఆవిడ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. కాశ్మీరు వెళ్లొచ్చిన నేను ఖాళీ గ్లాసులు ఏరుకున్నాను. పదిహేను కిలోమీటర్లు సైకిలు తొక్కి చూసినదాని గురించి ఆయన చెబుతుంటే, రెండు విమానాలు మారి చూసొచ్చిన నాది ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ రోజు నుంచి ఆయన "బాబూ" అని పిలిచినప్పుడల్లా నాకు కడుపులో చిన్న పురుగు కదిలేది.

నిరుడు కంపెనీ మేఘాలయ అంది. షిల్లాంగు, చిరపుంజి. వైజాగులో ఎక్కి కలకత్తాలో మారి గౌహతిలో దిగడం. ఈ మాట కొట్లో అనగానే మేస్త్రి చేతిలో బ్రష్షు కింద పెట్టాడు.

"అక్కడ మేఘాలు కిందనుంచి పైకొస్తాయంట కదా బాబూ. మనిసి పైనుంటే, ఆటి ఈపు కనపడతాదంట."

"అంటారు."

"నాను మేఘాన్ని కిందనుంచే ఏసేను ఇన్నాళ్లూ. నాకూ టికెట్టు తియ్యి బాబూ. మీతోబాటే ఒస్తాను. నువ్వైతే బేరం బాగాడతావు."

ఆయన దగ్గర డబ్బు ఉంది. రంగు డబ్బాల్లో పెయింటర్ల కోసం కంపెనీ టోకెన్లు వేస్తుంది. మిగతావాళ్లు దొరికిన రోజే డబ్బుగా మార్చుకుంటారు. ఈయన ఎన్నో ఏళ్లవి బిస్కెట్ల డబ్బాలో దాచి ఒక్కసారి మార్చాడు, దీనికోసమేనని నాకు అప్పుడే తెలిసింది.

ఆ వారమంతా ఆయన ప్రయాణం ఎలా ఉండేదో చెప్పాలి. విమానం ఎక్కిన మనిషి ఎవరు కనపడ్డా వదిలేవాడు కాదు. చక్కెర ఫ్యాక్టరీ ఇంజినీరుగారిని, సభలకని ఢిల్లీ వెళ్లొచ్చిన పాస్టరుగారిని, అందర్నీ ఒకటే ప్రశ్న: "ఏ పక్క కూకున్నారు? ఏటి కనపడింది?" స్కూలు పిల్లల అట్లాసు ఒకటి సంపాదించి నా కౌంటరు మీద పరిచాడు. వైజాగు నుంచి కలకత్తాకి కుడి పక్క సముద్రం, ఎడమ పక్క కొండలు. కలకత్తా నుంచి గౌహతికి ఎడమ పక్క దూరంగా మంచు కొండల వరస. "ఎల్లేటప్పుడు రెండిట్లోనూ ఎడం పక్క కిటికీ బాబూ. ఒచ్చేటప్పుడు కుడి. రెక్క మీద సీటు ఒద్దు, రెక్క అడ్డమొస్తాది." ఇదంతా పాత షేడ్ కార్డు వెనక రాసుకున్నాడు. అప్పటికే నాలుగుసార్లు విమానం ఎక్కిన నాకు రెక్క ఎక్కడుంటుందో గుర్తులేదు.

అనకాపల్లిలో టికెట్లు తీసే అతనికి ఫోన్ చేశాను. మేస్త్రి ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అతను ధర చెప్పాడు. నేను మొహం ముడుచుకున్నాను, ఫోన్లో మొహం కనపడదని తెలిసి కూడా.

"అంతైతే అక్కర్లేదు బాబూ," అని ఫోను పెట్టేశాను.

"ఏటైంది?" అన్నాడు మేస్త్రి.

"ఉండు. మెట్టు దిగేను. వాడే చేస్తాడు."

ఇద్దరం ఫోను వైపు చూస్తూ కూర్చున్నాం. చెయ్యలేదు. మర్నాడు నేనే చేస్తే ధర పెరిగింది. "ఎక్కించేడు కదా, అలసిపోయి దిగుతాడు," అన్నాను. మూడో రోజు ఇంకా పెరిగింది. నాకు ఊహ తెలిశాక ఇలాంటి సరుకు చూడలేదు. కొనేవాడు మెట్టు దిగితే ధర మెట్టెక్కడం ఏమిటి? వారం తిరిగేసరికి మేస్త్రి డబ్బా ఖాళీ చేసినా చాలని ధరకి చేరింది. మా టూరు తేదీ వచ్చేసింది.

"పోనీలే బాబూ. నువ్వు ఎల్లిరా. సూసొచ్చి సెప్పు," అన్నాడు.

తెలియక చేశానని అందరికీ చెప్పాను. కండక్టరు ఇప్పటికీ "ఇమానాన్ని బేరమాడినోడు" అంటాడు, నేనూ నవ్వుతాను. కానీ ఇక్కడ నిజం రాస్తాను. మొదటి రోజు ధర మంచి ధర. వినగానే నాకు తెలుసు. అదే సమయంలో ఇంకొకటి కూడా కనిపించింది: నలభై మంది డీలర్లున్న బస్సు, అందరూ మేస్త్రి చుట్టూ, నేను వెనక సీట్లో టీ గ్లాసులతో. మెట్టు దిగింది నాలోని బేరగాడు కాదు, ఆ పురుగు.

బయల్దేరే రోజు మేస్త్రి ఒక కొత్త కార్డూ పెన్సిలూ చేతిలో పెట్టాడు. "కొండలకి ఆనించి పట్టుకో. ఏది కలిస్తే దాని మీద గీత పెట్టు. మేఘానికీ పెట్టు. మరి మర్సిపోకు, ఎడం పక్క కిటికీ."

కలకత్తాలో మారిన విమానంలో ఎడమ పక్క కిటికీయే వచ్చింది నాకు, కంపెనీవాళ్లు అనుకోకుండా ఇచ్చారు. విజయనగరం డీలరు ఒకాయన పక్క సీటు. తనకి ఇచ్చిన ఉప్మా డబ్బా ఆయన తినే ఉద్దేశంలో లేడని గమనించాను. కిటికీ ఇస్తే ఉప్మా ఇస్తావా అన్నాను. ఇచ్చాడు. రెండు ఉప్మాలు తిని గౌహతి దాకా నిద్రపోయాను.

కార్డు నాలుగు రోజులూ సూట్‌కేసు అడుగున ఉంది. తిరుగు ప్రయాణంలో గౌహతి విమానాశ్రయంలో కుర్చీలో కూర్చుని, ఇక తప్పదు కదా అని పెన్సిలు తీసి గబగబా ఏడెనిమిది గీతలు పెట్టాను.

కొట్లో మేస్త్రి ఆ కార్డుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. ఎంతసేపు చూశాడంటే నేను లెక్కపెట్టిన డబ్బాలే మళ్లీ లెక్కపెట్టాను.

"బాబూ."

"ఏటి?"

"ఈ ఆకుపచ్చ, ఈ గోధుమ, ఈ ఊదా... ఇయ్యన్నీ రెండేళ్లుగా అమ్ముడవక నీ అటక మీదున్న డబ్బాలు కదా. మేఘాలయలో కూడా నీ స్టాకే ఉందేటి?"

కండక్టరు నవ్వి నవ్వి బెంచీ మీద నుంచి లేచిపోయాడు. ప్రమాణం చేసి చెబుతున్నాను, కావాలని పెట్టిన గీతలు కావు. కళ్లు మూసుకుని చెయ్యి ఆడిస్తే నా చెయ్యి వెళ్లింది అమ్ముడుపోని సరుకు మీదకే. మేస్త్రి నవ్వలేదు. కార్డు మడిచి జేబులో పెట్టుకుని, "నానే ఎల్లొస్తాను," అన్నాడు.

ఈసారి నన్ను అడగలేదు. బస్టాండు దగ్గర నెట్ సెంటరుకి వెళ్లి నెలల ముందే తీసుకున్నాడు, ధర ఆయన డబ్బుకి సరిపోయింది. తెలిసి కోప్పడ్డాను.

"మొదట చెప్పిన ధరకే సరే అన్నావా?"

"అది కొనుక్కోడానికి ఎల్లేను బాబూ, ఓడించడానికి కాదు."

భార్యని రమ్మంటే ఆమె "మేకల్ని ఎవులి మీద ఒగ్గీసి రాను?" అందట. షిల్లాంగులో ఒక చర్చికి పాస్టరుగారు ఉత్తరం రాసిచ్చారు, అక్కడ గదిలో పడుకోడానికి. ఎడమ పక్క కిటికీ, రెక్క మీద కాదు. ఆదివారపు తెల్ల చొక్కాతో బుధవారం నాడు అనకాపల్లి బస్సెక్కాడు. నా కొట్టు ముందు నుంచే వెళ్లింది ఆ బస్సు. ఆయన చెయ్యి ఊపాడు. నేను డబ్బా మూత తీస్తున్నట్టు తల వంచుకున్నాను.

తిరిగొచ్చిన రోజు సాయంత్రం బెంచీ చాలలేదు. పక్క కొట్టు నుంచి స్టూళ్లు తెచ్చుకున్నారు. మా ఆవిడ చెప్పకుండానే టీలు పెట్టింది. మేస్త్రి మెట్టు మీద కూర్చున్నాడు. మొహం కొంచెం నల్లబడింది, అంతే.

"సెప్పు మేస్త్రీ," అన్నాడు కండక్టరు.

"బాబు నాకన్నా ముందెల్లేడు. ముందు బాబు సెప్పాలి."

"నేను చెప్పేసేను కదా," అన్నాను.

"గీతలు పెట్టేవు. సెప్పలేదు."

"బాబు ఏటి సెప్తాడు, రేట్లు సెప్తాడు," అన్నాడు కండక్టరు. అందరూ నవ్వారు. ఉక్రోషం వచ్చింది నాకు.

"అవును, రేట్లే. చిరపుంజిలో దాల్చినచెక్క బేరమాడేను. అరగంట ఆడేను. సగానికి కొట్టేను. చాలా?"

మేస్త్రి మాత్రం ముందుకి వంగాడు.

"అరగంటా? ఎక్కడ నిలబడ్డావు?"

"రోడ్డు పక్క. లోయ అంచున కమ్మీలు కట్టేరు. అక్కడ ముసలామె గంపతో కూర్చుంది."

"తలకి గళ్ల గుడ్డ కట్టుకుందా?"

"అవును. నీకెలా తెలుసు?"

"అడిగేను, అంతే. ఆమెనక ఏటుంది?"

"ఏముంటుంది, లోయ."

"ఎంత లోయ?"

"అడుగు కనపడలేదు. ఏదో తెల్లగా కదులుతోంది కింద. నేను ఆమె మొహం చూస్తన్నాను, మొహం చూడకపోతే బేరం తెగదు కదా. ఆమెకి మన భాష రాదు, నాకు ఆమెది రాదు. వేళ్లతో చెప్పుకుంటన్నాం. నాలుగు నుంచి దిగి ఆమె మూడు వేళ్లు ఎత్తింది. ఇంతలో ఆ కిందిది పైకొచ్చేసింది."

"ఏది?"

"అదే, మేఘం. కమ్మీల సందుల్లోంచి వచ్చింది. పొయ్యి మీద పొగలా కాదు, మెల్లిగా, నీళ్లు నిండినట్టు. ముందు గంప పోయింది. తర్వాత ఆమె పోయింది. మొహం పోయింది." నాకు తెలియకుండానే నేనూ మూడు వేళ్లు ఎత్తాను. "కానీ ఆ చెయ్యి ఉంది. మూడు వేళ్లూ అలాగే ఎత్తి ఉన్నాయి. మనిషి లేదు, మేఘంలోంచి చెయ్యి ఒక్కటే వచ్చి ధర చెబుతోంది. నేను ఈ పక్క నుంచి రెండు వేళ్లు ఎత్తేను. నా చెయ్యి నాకే కనపడలేదు."

కండక్టరు టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏ తెలుపు బాబూ?" అన్నాడు మేస్త్రి, చాలా చిన్నగా.

నాన్న కొట్లో మొదట అమ్మింది సున్నం. ఆ మాట నోటికి దానంతట అదే వచ్చింది. "తడి సున్నం. గోడకి కొట్టగానే ఇంకా ఆరకుండా, వెనకాల గోడ కనపడుతూ ఉంటుంది చూడు, ఆ తెలుపు. ఆరలేదు. చివరిదాకా ఆరలేదు అది. అదే పలచబడి వెళ్లిపోతే అవతల కొండ మీద నుంచి నీళ్లు పడుతున్నాయి, సన్నగా, దారం వేలాడదీసినట్టు. చప్పుడు లేదు. అంత దూరం. అప్పుడు ఆమె నవ్వి రెండు వేళ్లు ఎత్తింది."

కండక్టరు "ఓరి బాబో" అన్నాడు. మా ఆవిడ "ఇది ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదేం?" అంది. ఎలా చెబుతాను? ఆ క్షణం దాకా నాకే తెలియదు చూశానని. అప్పుడు ఆ మేఘం మీద నాకు వచ్చింది చిరాకు, బేరానికి అడ్డమొచ్చిందని.

ఇక నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. పైన్ చెట్ల గాలి, తడి రోడ్డు, బస్సు అద్దం మీద జారే నీళ్లు, అన్నీ వరసగా వచ్చాయి. మేస్త్రి మధ్యమధ్య ఒక్క మాట అడిగేవాడు, నేను ఒక పేజీ చెప్పేవాణ్ణి. చీకటి పడే వేళకి ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. "శానా బాగుంది బాబూ," అని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు ఎంత బాగా నిద్ర పట్టిందో. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ పురుగు కదల్లేదు.

రెండు రోజుల తర్వాత దేవరాపల్లిలో స్కూలు గోడల పనికి వెళ్తూ, రంగుకి ముందు వేసే ప్రైమరు డబ్బాల కోసం వచ్చాడు. నేను మళ్లీ మేఘం సంగతే ఎత్తాను, మొన్న మర్చిపోయిన ముక్కలు కలిపి చెప్పాను. డబ్బాలు సైకిలుకి కట్టుకుంటూ విన్నాడు. పదిరోజులు అక్కడే ఉండి పని చేశాడు. జ్వరంతో తిరిగొచ్చాడు. నాలుగో రోజు పోయాడు.

ఆయన పేరున చర్చివాళ్లు వాళ్లింట్లో పెట్టిన ఆదరణ కూడికకి వెళ్లాను. పాటలూ ప్రార్థనా అయ్యాక జనం భోజనాలకి లేస్తుంటే ఆయన భార్య నన్ను దొడ్డివైపు పిలిచింది.

"బాబూ, ఆయన అక్కడేటి సూసేడో నీకు సెప్పేడు కదా. నాకూ సెప్పు."

"మీకు చెప్పలేదా అమ్మా?"

"రాగానే అడిగేను. సావుకారు బాబు కొట్టు కాడ సెప్పీసి ఒచ్చి నీకూ సెప్తానన్నాడు. రాత్రి ఒచ్చి, నువ్వు సెప్పిందంతా సెప్పేడు. ఎంత సరదాగా సెప్పేడనీ! రెండుసార్లు సెప్పేడు. మరి నువ్వేటి సూసేవయ్యా అంటే, ఈయేళ ఒద్దు, బాబుది పాడైపోతాది, తర్వాత సెప్తానన్నాడు. దేవరాపల్లి నుంచి ఒచ్చేసరికి ఒళ్లు తెలీని జొరం."

ఆమె నా మొహంలోకి చూస్తోంది. బేరంలో ఎదుటివాడి మొహం చూసి వాడి దగ్గర ఏముందో చెప్పగలను. నా దగ్గర ఏమీ లేదని ఆమెకి అంత తేలిగ్గానూ తెలిసిపోయి ఉంటుంది.

"నేను అడగలేదమ్మా," అన్నాను. "నేనే మాట్లాడేను. రెండో రోజు కూడా నేనే."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. ఏడవలేదు. "పోనీ నీదే సెప్పు బాబూ. ఆయన నోట ఇన్నాను, నీ నోట ఇంటాను."

నిలబడి చెప్పాను. లోయ, గంప, మేఘం పైకి రావడం, మనిషి మాయమై చెయ్యి మిగలడం. చెబుతుంటే ఆమె తల ఊపుతోంది, తెలిసిన పాట విన్నట్టు. మూడు వేళ్ల దగ్గరికి వచ్చి ఆగాను.

"పసుపు ఒగ్గీసేవు," అంది.

"ఏ పసుపు?"

"ఆ ఏళ్లకి పసుపంట కదా. గోళ్ల కాడ. పచ్చి కొమ్ము ఇరిస్తే లోపల ఉంటాది చూడు, ఆ రంగంట. మేఘంలో అదొక్కటే ఎలుగుతన్నాదని సెప్పేడు."

ఆ చేతినే అరగంట చూశాను నేను. మూడా, రెండా అని చూశాను. ఒళ్లంతా పాకింది ఆ పురుగు, ఆయన బతికున్నప్పుడు ఎన్నడూ పాకనంతగా. ఇదీ నేనే చూశానంటే కాదనేవాళ్లు లేరు. ఆమె ఎదురు చూస్తోంది.

"పసుపు నేను చూడలేదమ్మా," అన్నాను. "అది ఆయన చూసింది."